ఆటోక్లేవ్‌లో వేసేముందు ఒక్క సీసా దాచండి: కాలేజీలకూ, జీవవైవిధ్య కమిటీలకూ, అటవీ శాఖకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బోటనీ, మైక్రోబయాలజీ చెప్పే సార్లకూ మేడమ్‌లకూ, పంచాయతీ జీవవైవిధ్య కమిటీల్లో సభ్యులుగా ఉన్నవాళ్ళకూ (తాము సభ్యులమన్న సంగతే తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు కూడా), అడవిలోకి ఎవర్ని పంపాలో ఎవర్ని ఆపాలో తేల్చే అటవీ అధికారులకూ కలిపి, మన శిలీంధ్రాల్ని (బూజులు, ఈస్టులు, పుట్టగొడుగులు) వెతికి దాచుకోవడం గురించి ఈ ఒక్క ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా అడిగి చూశాను. కాలేజీవాళ్ళు అడవివాళ్ళని అడగమంటారు, అడవివాళ్ళు కాలేజీ లెటర్‌ప్యాడ్ మీద రాయించుకు రమ్మంటారు, పంచాయతీలో అయితే అసలు ఇదేం పని అని నవ్వుతారు. అందుకని అందరినీ ఒకేచోట నిలబెట్టి అడుగుతున్నాను.

మన మట్టిలో, మన వాగుల్లో ఏయే శిలీంధ్రాలున్నాయో ఏటా ఎవరో ఒకరు వెతుకుతూనే ఉన్నారు. వెతికింది మాత్రం ఎక్కడా మిగలడం లేదు. అదే నా గోడు. చదువులు లేవనో, ల్యాబులు లేవనో నేను అనడం లేదు. తిరుపతిలో ఉన్నన్ని యూనివర్సిటీలు, కాలేజీలు చాలా ఊళ్ళలో లేవు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, వ్యవసాయ కాలేజీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, 2015లో కేంద్రం పెట్టిన సైన్స్ విద్యాసంస్థ ఐసర్ కూడా వచ్చింది. ఇన్ని పెట్టుకుని కూడా, తలకోన వాగులో ఏ బూజులున్నాయో చెప్పమంటే తీసి చూపించడానికి మన జిల్లాలో ఒక సీసా, ఒక రిజిస్టర్ లేకపోతే ఎట్లా?

నేనెవరో చెప్పాలి కదా. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. తోతాపురి సీజన్‌లో మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీయడం, ప్లేట్ పోయడం (అంటే బూజులు పెరిగే అగార్ అనే జెల్లీ మీద శాంపిల్ వేయడం), ఈస్టులూ బూజులూ ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం, కాగితం మీద సంతకం పెట్టడం. నాకు శిలీంధ్రాలు అంటే సిలబస్‌లో పాఠం కాదు, రోజూ టెన్షన్ పెట్టే వ్యవహారం. అందులోనూ ఒక రకం ఉంది, బిస్సోక్లామిస్. తోట మట్టిలో ఉంటుంది, రాలిన కాయకి అంటుకుని లారీలో మా దాకా వస్తుంది. మామూలు బూజులు గుజ్జు వేడి చేసేటప్పుడే చచ్చిపోతాయి. దీని ఆస్కోస్పోర్లు (స్పోర్లంటే శిలీంధ్రాలకి విత్తనాల్లాంటివి, ఇవి వాటిలో ఒక గట్టి రకం) 85, 90 డిగ్రీల వేడిలో కూడా కొన్ని నిమిషాలు తట్టుకుని నిలబడతాయి, పైగా ఆ వేడికే నిద్రలేచి మొలకెత్తుతాయి. సీలు వేసిన డబ్బాలో గాలి దాదాపు లేకపోయినా పెరుగుతుంది, గుజ్జుకి చిక్కదనం ఇచ్చే పెక్టిన్‌ని కరిగించి చిక్కటి గుజ్జుని పల్చన చేసేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి శాంపిల్‌ని ముందు వేడి నీళ్ళలో అరగంట ఉంచి, తర్వాత ప్లేట్ పోసి, నెల రోజుల వరకూ ఎదురు చూడాలి. ఎగుమతి లారీ నెల రోజులు ఆగదు కదా.

ఇప్పుడు నా ప్రశ్న చాలా చిన్నది. ఇది ఏ మండలం మట్టిలో ఎక్కువ? చెరువు మట్టి తోలిన తోటల్లోనా, కొండవాలు ఎర్రనేలల్లోనా? వానలు పడ్డాక పెరుగుతుందా, తగ్గుతుందా? మామిడి ఇంతగా పండే జిల్లాలో ఈ మాట ఎవరినైనా అడుగుదామని తిరిగాను. దొరికినవి అన్నీ థీసిస్‌లే. అందులో ఉన్నది ఒకే జాబితా: ఆస్పర్జిల్లస్ నైగర్, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పెన్సిలియమ్ ఎస్పీ, రైజోపస్ ఎస్పీ, ట్రైకోడెర్మా ఎస్పీ, ఫ్యుజేరియం ఎస్పీ (ఎస్పీ అంటే జాతి ఏదో తేల్చలేదని). కాలేజీ తోట మట్టి తెచ్చినా ఇదే, శ్రీకాళహస్తి పొలం మట్టి తెచ్చినా ఇదే, కుప్పం నుంచి తెచ్చినా ఇదే. ఊర్లు మారతాయి, జాబితా మారదు.

ఎందుకు మారదో ఆ పాఠం చెప్పేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెప్తాను. గ్రాము మట్టిని నీళ్ళలో కలిపి, పదింతలు పదింతలుగా పలుచన చేసి, రోజ్ బెంగాల్ అనే రంగు కలిపిన అగార్ మీద పోస్తాం. అక్కడ త్వరగా పెరిగేదే రాజు. నైగర్, రైజోపస్, ట్రైకోడెర్మా రెండు మూడు రోజుల్లో ప్లేటంతా కమ్మేస్తాయి. వాటి కింద మెల్లగా పెరిగేది ఏదైనా ఉంటే అది మనకు కనపడే లోపే మునిగిపోతుంది. అసలు మట్టిలో ఉన్న శిలీంధ్రాల్లో చాలా వాటికి మన అగార్ సయించదు, ప్లేట్ మీద మొలవనే మొలవవు. ఇక రంగు చూసి పేరు పెట్టడం ఇంకో తంతు. నల్లగా ఉంటే నైగర్ అని రాసేస్తారు. నల్ల ఆస్పర్జిల్లస్‌లలో ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టున్న జాతులు చాలా ఉన్నాయి, క్యాల్మోడ్యులిన్ జన్యువు చదివితే తప్ప తేడా తెలియదు. ట్రైకోడెర్మా కూడా అంతే. విరిడె అని ప్యాకెట్ మీద రాసి అమ్మిన వాటిలో కొన్ని, జన్యువులు చదివి చూస్తే వేరే జాతులని తేలాయి.

పేరు తప్పు పడినా పెద్ద నష్టం లేదండీ, ఆ కల్చర్ (ల్యాబ్‌లో బతికించి పెంచుకున్న బూజు) మన దగ్గర ఉంటే. పదేళ్ళ తర్వాత ఎవరో తెలిసినవాళ్ళు వచ్చి సీసా మూత తీసి, ఇది అది కాదు ఇది అని సరిచేస్తారు. కల్చరే లేకపోతే థీసిస్‌లో ఉన్న పేరు నమ్మడానికీ లేదు, కొట్టేయడానికీ లేదు.

నేను ఎమ్మెస్సీ చదివిన చోట (పేరు అనవసరం, దాదాపు అన్నిచోట్లా ఇదే కథ) మా బ్యాచ్‌వాళ్ళం తలా ఒక చోటి నుంచి మట్టీ నీళ్ళూ తెచ్చుకున్నాం. నా స్నేహితురాలు స్వర్ణముఖి ఒడ్డున నీళ్ళలో నానిన కర్రముక్క ఒకటి తెచ్చింది. దాని మీద వచ్చిన బూజు స్పోర్లు గుండ్రంగా లేవు, కోలగా లేవు, చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, కాటన్ బ్లూ రంగు వేస్తే ఒక్కో చుట్టలో గదులు వరసగా కనపడేవి. మైక్రోస్కోపు దగ్గర క్యూ కట్టి మరీ చూశాం. గైడ్ గారు రెండు పుస్తకాలు తిరగేశారు, పేరు తేలలేదు. థీసిస్‌లో దాన్ని 'గుర్తించబడనిది' అని ఒక లైన్‌లో తేల్చేశారు. వైవా అయిపోయాక, రాబోయే బ్యాచ్‌కి గాజు సామాను కావాలని కల్చర్లున్న గాజు గొట్టాలూ ప్లేట్లూ అన్నీ కలిపి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో అన్నిటినీ చంపేసే ల్యాబ్ కుక్కర్‌లో) వేసి ఉడకబెట్టి కడిగేశారు. కొత్తదో పాతదో, ప్రపంచానికి తెలిసిందో తెలియందో, ఆ చుట్టల బూజు కూడా వాటితో పాటే పోయింది. ఫోటో కూడా ఎవరి పాత ఫోన్‌లోనో ఉండిపోయింది.

ఇది ఒక్క కాలేజీ సంగతైతే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఏటా ఎంతమంది ఎమ్మెస్సీ పిల్లలు ఎన్ని ప్లేట్లు పోస్తారో మీరే లెక్కేసుకోండి. అదంతా ప్రజల డబ్బు, పిల్లల కష్టం.

ప్రపంచం సంగతి చూస్తే, ఇప్పటివరకు పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షా యాభై అయిదు వేలు. మొత్తం 25 లక్షలు ఉంటాయని లండన్ క్యూ గార్డెన్స్‌వాళ్ళ 2023 నివేదిక అంచనా. అంటే నూటికి తొంభైకి పైగా పేరు కూడా లేకుండా ఉన్నాయన్నమాట. మరి శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం, సైకస్ బెడ్డోమీ మొక్క, బంగారు బల్లి అని బోర్డులు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. ఎర్రచందనం దుంగ ఒకటి పోతే పేపర్లో వస్తుంది. ఆ చెట్టు వేళ్ళలో కాపురముండి దానికి భాస్వరం అందించే మైకోరైజా ఏ జాతిదో అడిగితే బోర్డు లేదు. భూమ్మీద మొక్కల్లో దాదాపు 70 శాతం వాటి వేళ్ళలో ఈ రకం శిలీంధ్రాలు ఉంటాయి. వాటి స్పోర్లను మట్టిలోంచి తీయడానికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదు, సన్న కళ్ళ జల్లెడలు మూడు నాలుగు వరసగా పెట్టి మట్టినీళ్ళు వంచితే చాలు. 1963 నుంచి అందరూ చేస్తున్న పద్ధతే.

వాగుల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మనం అస్సలు చూడని చోటు అదే. మట్టికైనా ప్రతి కాలేజీలో ఒక ప్రాక్టికల్ ఉంటుంది. పారే నీళ్ళని బాక్టీరియా కోసం తప్ప బూజు కోసం చూసేవాళ్ళు తక్కువ.

వానల తర్వాత తలకోన వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, జలపాతం కింద వాగు మలుపుల్లో బండరాళ్ళ వెనక నురగ నిలబడుతుంది. పైన లేత గోధుమ రంగు, కింద తెలుపు. చాలామంది సబ్బు నురగ అనుకుని మొహం తిప్పుకుంటారు. దాన్ని ఒక చెంచాతో సీసాలోకి తీసుకుని, నురగ దిగిపోయాక అడుగున మిగిలిన చుక్కని స్లైడ్ మీద వేసి చూడండి. పల్లేరుకాయలాగా నాలుగు వైపులా ముళ్ళు చాచుకున్న స్పోర్లు కనిపిస్తాయి. కొన్ని నెలవంకలు, కొన్ని సన్నగా పొడుగ్గా ఎస్ ఆకారంలో వంగినవి. ఇవి నీళ్ళలో పడిన ఆకుల మీద బతికే శిలీంధ్రాలవి. ఇంగ్లండ్‌లో ఇంగోల్డ్ అనే ఆయన 1942లో ఒక చిన్న వాగులో నానుతున్న ఆకుల మీద వీటిని గుర్తించి వివరంగా రాశాక లోకానికి వీటి మీద చూపు పడింది. నాలుగు చేతులు ఊరికే లేవు. పారే నీళ్ళలో గుండ్రటి స్పోర్ అయితే ఆకుని తాకి జారిపోతుంది, ఇది మూడు కొనలతో ఒకేసారి ఆకుని పట్టుకుంటుంది, పట్టుకున్న వెంటనే మొలకెత్తుతుంది. నురగలో ఇరుక్కునేది కూడా ఆ చేతుల వల్లే.

ఇవి చేసే పని చూడాలనుంటే వాగులోంచి ఒక నల్లబడిన మద్దాకు తీసి వెలుతురుకి పెట్టి చూడండి. ఈనెల వల మాత్రమే మిగిలి, మధ్యలో గుజ్జంతా పోయి ఉంటుంది. ఎండాకు నేరుగా నీటిపురుగుకి రుచించదు. ఈ బూజు ముందు పట్టి, ఆకుని మెత్తబరిచి, తన ఒంటిని కూడా అందులో కలిపాకే పురుగు కొరుకుతుంది. ఆ పురుగుని చేప తింటుంది. కొండ వాగుల్లో నీడ ఎక్కువ, నాచు పెద్దగా పెరగదు, అక్కడి తిండి చాలావరకు రాలిన ఆకుల నుంచే రావాలి. ఇంత పని చేసేవాటి జాబితా మన దగ్గర ఎక్కడుంది? పడమటి కనుమల వాగుల్లో మంగళూరు పరిశోధకులు ఏళ్ళ తరబడి ఈ పని చేసి చూపించారు. హైదరాబాద్‌లో ఉస్మానియాలో మనోహరాచారి గారి లాంటివాళ్ళు మట్టీ నీటీ శిలీంధ్రాల మీద జీవితమంతా పెట్టారు. తూర్పు కనుమల్లో, ఈశాన్య రుతుపవనాలకి నిండి ఎండాకాలానికి గుంటలుగా మిగిలే మన వాగులు వేరే రకం. లూనులోస్పోరా, ట్రైసెలోఫోరస్ లాంటి వాగు శిలీంధ్రాలు వెచ్చటి నీళ్ళలో ఎక్కువగా దొరుకుతాయని తెలుసు. వాగు ఎండిపోయిన ఏప్రిల్, మే నెలల్లో అవి ఎక్కడ దాక్కుంటాయి, ఒడ్డు మట్టిలోనా, ఎండిన ఆకుల్లోనా, చెట్ల వేళ్ళలోనా అనేది మన తలకోనలో, కైలాసకోనలో, కౌండిన్య దగ్గర చూసి రాయాల్సిన సంగతి. కేరళ వాగు చూసి రాస్తే కుదరదు.

ఖర్చు అంటారేమో. వాగులోంచి నాలుగు కుళ్ళిన ఆకులు తెచ్చి కడిగి, కోనికల్ ఫ్లాస్క్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి, చేపల తొట్టికి పెట్టే చిన్న గాలి పంపు తగిలించి రెండు మూడు రోజులు బుడగలు రానివ్వండి. స్పోర్లు నీళ్ళలోకి రాలతాయి. ఫిల్టర్ కాగితం మీద వడకట్టి రంగు వేసి చూడటమే. నురగ అయితే వాగు దగ్గరే ఫిక్సేటివ్ (స్పోర్లని ఉన్నవి ఉన్నట్టు నిలిపే మందు) కలపాలి, లేకపోతే ఇంటికొచ్చేసరికి స్పోర్లు మొలకెత్తిపోయి ఏది ఏదో తెలియకుండా పోతుంది. ఇందులో డిగ్రీ రెండో ఏడాది పిల్లలు చేయలేనిది ఏముంది? జన్యువులు చదవడం తర్వాత సంగతి. అది ఐసర్‌లోనో ఇంకెక్కడో చేయించుకోవచ్చు, ముందు చేతిలో సీసా ఉండాలి.

ఇంకొకటి. ఈ వాగు శిలీంధ్రాలకి గాలి బాగా కలిసిన శుభ్రమైన నీళ్ళు కావాలి, మురుగు కలిసి ఆక్సిజన్ పడిపోతే చాలా జాతులు తప్పుకుంటాయి. కళ్యాణి డ్యామ్‌కి పైన అడవిలో ఒక చోట, తిరుపతి ఊరు దాటాక స్వర్ణముఖిలో ఒక చోట ఒకే వారంలో ఆకులు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, నదికి మనం ఏం చేశామో పొల్యూషన్ రిపోర్టు అంకెల కన్నా ఎక్కువే తెలుస్తుంది. కానీ ఇప్పుడు రాసి పెట్టుకోకపోతే పదేళ్ళ తర్వాత ఏవి పోయాయో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు.

పిల్లలకి బోరు కొట్టకుండా ఉండాలంటే ఎరలు వేయించండి. ప్లేట్ మీద రాని శిలీంధ్రాలు ఎరకి వస్తాయి. ఉడకబెట్టిన నువ్వుగింజలు చెరువు నీళ్ళలో వేస్తే నీటిబూజులు పడతాయి (వాటిలో సాప్రోలెగ్నియా లాంటివి అసలు శిలీంధ్రాలే కాదని ఇప్పుడు వేరు చేశారు, అదీ ఒక పాఠమే). పాము కుబుసం ముక్క వేస్తే కైట్రిడ్‌లు అనే అతిచిన్న శిలీంధ్రాలు వస్తాయి. తడి మట్టి మీద శుభ్రం చేసిన వెంట్రుకలు పరిచి కొన్ని వారాలు మూతపెట్టి ఉంచితే వెంట్రుకల్లోని కెరటిన్ తినే బూజులు తెల్లగా అల్లుకుంటాయి. తలనీలాలకు లోకమంతా పేరుపడ్డ ఊళ్ళో ఉండి, ఈ ఒక్క ప్రయోగానికి వెంట్రుకలు దొరకలేదని ఎవరూ అనరనుకుంటా.

రైతుకేం లాభం అని అడిగేవాళ్ళు కచ్చితంగా ఉంటారు, పంచాయతీలో నన్ను మొదట అడిగింది అదే. వేరుశెనగ చెప్తాను. గింజ కట్టే చివరి రోజుల్లో బెట్ట వస్తే నేలలోని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కాయలోకి దూరి అఫ్లాటాక్సిన్ పెడుతుంది. కాలేయానికి విషం, ఎగుమతికి దెబ్బ. అయితే ఫ్లేవస్‌లో విషం తయారుచేసేవీ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి. నైజీరియా, కెన్యా లాంటి దేశాల్లో విషం లేని స్థానిక రకాల్ని ఏరి, గింజల మీద పెంచి, పొలంలో చల్లి విషపు రకాల్ని పక్కకు నెడుతున్నారు. అందులో కీలకం ఏంటంటే ఆ మంచి రకం అక్కడి మట్టిలోదే అయి ఉండాలి. మన రెండు జిల్లాల వేరుశెనగ పొలాల్లోంచి మన పిల్లలు ఏళ్ళుగా ఏరిన ఫ్లేవస్‌లు అన్నీ దాచి ఉంటే, ఈపాటికి వాటిలో విషం లేనిది ఏదో వెతికి చూసే పని మొదలయ్యేది. వాటన్నిటినీ ఉడకబెట్టి తూములో పోశాం.

మందుల సంగతి అయితే తెలిసిన కథే. కిడ్నీ మార్పిడి చేసినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ 1969లో నార్వే నుంచి ఒక కంపెనీ ఉద్యోగి సెలవుల్లో తెచ్చిన మట్టిలోని శిలీంధ్రం నుంచి వచ్చింది. ఆ కంపెనీలో ఎవరు ఊరెళ్ళినా సంచిలో కాస్త మట్టి తెమ్మని చెప్పేవాళ్ళు. మట్టి తేవడం గొప్ప కాదు. తెచ్చిన మట్టి ఎక్కడిదో రాసిపెట్టి, అందులోంచి వచ్చిన బూజుని బతికించి ఉంచుకున్నారు, అది గొప్ప. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద ఒక శిలీంధ్రం ఉంది, సుబ్బారోమైసెస్. ఆయన పోయిన అయిదేళ్ళకి, 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. అది దొరికింది ఎక్కడనుకున్నారు, మురుగునీళ్ళు శుద్ధి చేసే ఫిల్టర్ రాళ్ళ మీద పేరుకున్న జిగురులో. చూడాలనుకున్నవాడికి మురుగులో కూడా దొరికింది.

ఇక కమిటీ సభ్యులకు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా కమిటీ వేయాలి, దాని నిబంధనల ప్రకారం మీ ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయడం. 2019లో గ్రీన్ ట్రిబ్యునల్ గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలనేసరికి దేశమంతా హడావిడిగా రిజిస్టర్లు నిండాయి. నేను చూసిన ఒక పంచాయతీ రిజిస్టర్‌లో వేప, చింత, కానుగ, ఆవు, మేక, కోడి, నెమలి అన్నీ ఉన్నాయి. పుట్టగొడుగు ఒక్కటి లేదు. ఆ ఊరి రోడ్డు పక్కనే వానాకాలంలో ఆకుల్లో పెట్టి పుట్టగొడుగులు అమ్ముతారు! చెదలు పుట్ట లోపల సాగుచేసుకునే టెర్మిటోమైసెస్ అది. ఎక్కడ ఏ పుట్ట మీద ఎన్ని వానలకి లేస్తుందో యానాదుల ఆడవాళ్ళకి, మేకలు కాచేవాళ్ళకి తెలిసినంత మా ప్రొఫెసర్లకి తెలియదు. వాళ్ళ దగ్గర కూర్చుని, ఏది తింటారు, ఏది ముట్టరు, ఏమని పిలుస్తారు, ఎన్నో నెలలో వస్తుంది అని రాయండి, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా రాయండి. విషపువి కూడా రాయాలి. వానలకి గడ్డిలో తెల్లగా పెద్ద గొడుగు విప్పి, కింద రెక్కలు మెల్లగా ఆకుపచ్చకి తిరిగే క్లోరోఫిల్లమ్ తిని వాంతులతో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఆ డాక్టరుకి ఆ ఊళ్ళో మొలిచేదేదో ఫోటోతో సహా తెలిస్తే ఎంత మేలు.

అటవీ శాఖవారికి నా విన్నపం వేరే. దుంగల దొంగల వల్ల మీరు ఎంత గట్టిగా ఉండాలో మాకు తెలుసు, చెక్‌పోస్టు దగ్గర సంచి వెతికితే మాకేం కోపం రాదు. కానీ నేషనల్ పార్కులోంచి పిడికెడు మట్టి, గుప్పెడు కుళ్ళిన ఆకులు, చెంచాడు నురగ తీసుకోవడానికి పెద్ద ప్రాజెక్టులకి పెట్టే దరఖాస్తే పెట్టాలంటే డిగ్రీ కాలేజీ పిల్లలు ఏం చేస్తారు? అనుమతి వచ్చేలోపు వాళ్ళ సెమిస్టర్ అయిపోతుంది. చివరికి హాస్టల్ వెనక మట్టి తవ్వుకుని అదే చేస్తారు. శేషాచలం శిలీంధ్రాల జాబితా రాకపోవడానికి అదీ ఒక కారణం. కాలేజీలన్నిటికీ కలిపి ఏడాదికి ఒకే అనుమతి ఇవ్వండి. ఎక్కడెక్కడ తీయాలో మీరే గుర్తు పెట్టండి, ఎంత తీయాలో మీరే చెప్పండి, మీ బీట్ గార్డు పక్కనే ఉండి చూడనివ్వండి, తీసినదాని వివరాలు మీకు కూడా ఒక కాపీ ఇవ్వాలని షరతు పెట్టండి. అడవి కాలిన చోట కూడా తీయనివ్వండి, కాలిన నేలలోనే మొలిచే శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. కాలిన చెరుకు మోళ్ళ మీద నారింజ రంగు పొడి చూసిన రైతుల్ని అడగండి, న్యూరోస్పోరా అది, దాని ఆస్కోస్పోర్లకి వేడి తగిలితేనే మెలకువ వస్తుంది. ఏటా నిప్పు పడే కొండల్లో ఇది తెలుసుకోవడం మీకు కూడా పనికొస్తుంది.

సార్లూ, మేడమ్‌లూ, చివరిగా మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే ఈ పని మొదలవ్వాల్సింది మీ ల్యాబుల్లోనే. ఫ్రీజర్ లేదంటారు, తెలుసు. స్టెరైల్ చేసిన మామూలు డిస్టిల్డ్ వాటర్ చిన్న సీసాలో పోసి, కల్చర్ అంచు నుంచి నాలుగు అగార్ ముక్కలు కోసి అందులో వేసి మూత బిగిస్తే గది ఉష్ణోగ్రతలోనే చాలా శిలీంధ్రాలు ఏళ్ళపాటు బతికి ఉంటాయి. కాస్టెల్లానీ 1939లో చెప్పిన పద్ధతి, కరెంటు పోయినా భయం లేదు. ప్రతి కల్చర్‌కీ రెండు సీసాలు, ఒక నంబరు. ఒక రిజిస్టర్‌లో ఆ నంబరు ఎదురుగా ఊరు, ఫోన్‌లో కనిపించే అక్షాంశం రేఖాంశం, తేదీ, మట్టా నీళ్ళా ఆకా కర్రా, ఏ మీడియం మీద వచ్చింది, ఎవరు తీశారు. స్పోర్ ఫోటో, దాంట్లో స్కేల్ గీత. పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి, అందంగా ఉండాలని ఏదో ఒక పేరు రాయకండి. ఈ సీసాలు ఇవ్వని థీసిస్‌కి వైవా ఉండదని ఒక్క రూలు పెడితే చాలు. వింతగా ఉన్నవాటిని పుణేలో అగార్కర్ సంస్థలో ఉన్న జాతీయ శిలీంధ్ర కల్చర్ కలెక్షన్‌కి పంపవచ్చు. కొత్త జాతి అయితే ఎండబెట్టిన నమూనా కూడా ఉండాలి, రిజిస్టర్ చేసిన గుర్తింపు నంబరు లేనిదే 2013 నుంచి కొత్త పేరు చెల్లదు. ఆ ప్రక్రియంతా మీకు తెలిసిందే.

ప్రాజెక్టులు ఇచ్చే సమయం వస్తోంది. ఈసారి వాగు ఆకులు ఒక నలుగురు పిల్లలకైనా ఇవ్వండి. నాకు మామిడి సీజన్ లేని నెలల్లో ఆదివారాలు ఖాళీనే, గాలి పంపులు, ఫిల్టర్ కాగితాలు నేను తెస్తాను, స్పోర్లు చూడటం నేర్పమంటే నేర్పుతాను. తిరుపతిలోనో చిత్తూరులోనో ఏదో ఒక కాలేజీ ఒక బీరువా ఇస్తే అన్ని కాలేజీల సీసాలూ అక్కడ పెట్టవచ్చు, తాళం ఎవరి దగ్గర ఉండాలో మీరూ మీరూ తేల్చుకోండి, దాని దగ్గర మాత్రం ఆరు నెలలు ఆగకండి. అటవీ శాఖవారు అక్టోబర్ లోపల అనుమతి ఇవ్వగలిగితే నవంబర్ వానలకి నీళ్ళు ఉంటాయి. అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇట్లు,
చిత్తూరు జిల్లా నుంచి ఒక మామిడి గుజ్జు ల్యాబ్ ఉద్యోగిని